మూడు కంపెనీల భాగాలు, ఒక పందెపు బండి



ఈనాటి ప్రసంగంలో మనం ఒక మోటారు సైకిలు గురించి మాట్లాడుకుందాం. ఇది ఏ ఒక్క కంపెనీ తయారు చేసిన బండీ కాదు. ఒక కంపెనీ బండి నుంచి చట్రం, మరొక కంపెనీ బండి నుంచి ఇంజను, ఇంకొక కంపెనీ బండి నుంచి ముందు ఫోర్కులు తీసుకొని, రాళ్ళూ బురదా గుంటలూ నిండిన దారుల్లో పందేలకు పనికివచ్చేలా కూర్చిన బండి. పాత బండ్లను ప్రేమించేవారు ఈనాటికీ ఇటువంటి బండ్లను కూర్చుకుంటూనే ఉన్నారు. మనకు మాత్రం ఇది భౌతికశాస్త్రం చెప్పుకోవటానికి ఒక మంచి అవకాశం.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. మంచి ఇంజను, మంచి చట్రం, మంచి గేర్‌బాక్సు, మంచి ఫోర్కులు. ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చితే మంచి బండి అవుతుందా? అవుతుందనే మీలో చాలామంది అంటారు. సమాధానం అంత తేలిక కాదు. ఎందుకు కాదో తెలుసుకోవటమే ఈనాటి మన పని.

మెటీస్ పుట్టుక

1950లలో బ్రిటన్‌లో స్క్రాంబుల్ పేరుతో మోటారు సైకిలు పందేలు జరిగేవి. రోడ్డు ఉండదు. పొలాల వెంట, గుట్టల మీద, బురదలో గుర్తులు పెట్టిన దారిలో బండి నడపాలి. ఈ పందేలలో పేరు తెచ్చుకున్న అన్నదమ్ములు డెరెక్ రిక్‌మన్, డాన్ రిక్‌మన్. హాంప్‌షైర్ ప్రాంతంలోని న్యూ మిల్టన్ వారి ఊరు. మార్కెట్లో దొరికే ఏ ఒక్క బండీ వారికి పూర్తిగా నచ్చలేదు. ఒకదాని ఇంజను బాగుంటే చట్రం బరువు. ఇంకొకదాని చట్రం బాగుంటే ఫోర్కులు చాలవు. 1959-60 ప్రాంతంలో వారే ఒక బండిని కూర్చుకున్నారు. చట్రం బి.ఎస్.ఎ. గోల్డ్ స్టార్‌ది. గేర్‌బాక్సు కూడా బి.ఎస్.ఎ.దే. ఇంజను ట్రయంఫ్ కంపెనీ రెండు సిలిండర్లది. ముందు ఫోర్కులు నార్టన్‌వి.

దానికి వారు పెట్టిన పేరు మెటీస్. ఇది ఫ్రెంచి మాట. మిశ్రమ సంతతికి చెందినది అని అర్థం. మన రైతుల భాషలో చెప్పాలంటే సంకర జాతి. రెండు మేలు రకాలను కలిపి సంకర విత్తనం తయారు చేసినట్లే, మూడు మేలు బండ్లను కలిపి వారు ఒక కొత్త బండిని పుట్టించారు.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. ఈనాటి బండిలో ఇంజను, గేర్‌బాక్సు సాధారణంగా ఒకే పెట్టెలో ఉంటాయి. ఆ రోజుల్లో చాలా బ్రిటిష్ బండ్లలో ఇవి రెండు వేర్వేరు పెట్టెలు. ఇంజను నుంచి క్లచ్‌కు ఒక చైను, గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రానికి మరొక చైను. అందువల్లనే ఒక కంపెనీ ఇంజనునూ మరొక కంపెనీ గేర్‌బాక్సునూ కలపటం సాధ్యపడింది. భాగాలు విడివిడిగా ఉంటే మార్పిడికి వీలుంటుంది. అయితే విడి భాగాల మధ్య అతుకులు ఉంటాయి. కష్టమంతా ఆ అతుకుల దగ్గరే.

మొదటి అతుకు: ఇంజను, చట్రం

బి.ఎస్.ఎ. చట్రంలో బి.ఎస్.ఎ. గేర్‌బాక్సు సొంతింట్లో ఉన్నట్లు కూర్చుంటుంది. ఎటొచ్చీ ట్రయంఫ్ ఇంజనే అతిథి. దాని బోల్టు రంధ్రాలు చట్రంలోని రంధ్రాలకు ఎదురుగా రావు. కాబట్టి ఉక్కు రేకునో అల్యూమినియం మిశ్రమలోహపు రేకునో కోసి, రంధ్రాలు తొలిచి, ఇంజనును చట్రానికి పట్టి ఉంచే పలకలు తయారు చేయాలి.

రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయిందనుకోండి. బోల్టును కాస్త బలవంతంగా దూర్చితే సరిపోతుందిలే అనిపిస్తుంది. కాని ఇంజను పళ్ళచక్రానికీ క్లచ్ పళ్ళచక్రానికీ మధ్య దూరం సుమారు 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ దూరంలో రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చైను అర డిగ్రీకి పైగా వంకరగా నడుస్తుంది. ఇంజను నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే, అంటే సెకనుకు 100 సార్లు. ఇంజను పళ్ళచక్రానికి 22 పళ్ళుంటే సెకనుకు 2200 పళ్ళు చైనులోకి దిగుతాయి. ప్రతిసారీ చైను పక్కబద్ద పంటిని రాసుకుంటుంది. ఆ రాపిడి ముందుగా పళ్ళను అరగదీస్తుంది. తరువాత చైనును తెంపుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ కాలపు ట్రయంఫ్ ఇంజనులో రెండు పిస్టన్లూ కలిసి పైకి వెళ్ళి, కలిసి కిందికి వస్తాయి. ఒకదాని కదలికను రెండవది పూర్తిగా సరితూచలేదు. అందువల్ల కంపనం తప్పదు. ఒక ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు. అటూ ఇటూ పలుమార్లు వంచితే చేతిలోనే తెగుతుంది. దీనినే లోహపు అలసట అంటాం. ఇంజను పలకలో గరుకైన అంచు, పదునైన మూల ఎక్కడ ఉంటే పగులు అక్కడ మొదలవుతుంది. కాబట్టి మూలలను గుండ్రంగా తీర్చాలి, అంచులను ఆకురాయితో నునుపు చేయాలి. ఇది అందం కోసం చేసే పని కాదు.

రెండవ అతుకు: నట్టు, బోల్టు

ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. పాత బ్రిటిష్ బండ్లలో బోల్టుల మరలు ఒకే రకం కాదు. బి.ఎస్.ఎఫ్. అనే పద్ధతిలో పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 26 మరలు. సైకిల్ థ్రెడ్ అనే పద్ధతిలోనూ పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 26 మరలే. అయితే మొదటి దానిలో మర కోణం 55 డిగ్రీలు, రెండవ దానిలో 60 డిగ్రీలు.

ఒక పద్ధతి నట్టును మరొక పద్ధతి బోల్టుకు తిప్పి చూడండి. ఎక్కుతుంది. బిగిసినట్లే ఉంటుంది. కాని మరల పక్కలు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు. సన్నని అంచు మీదనే భారం పడుతుంది. రోడ్డు మీద అది కొంతకాలం నిలవవచ్చు. రాళ్ళ దారిలో వంద దెబ్బలు తగిలితే మర చెడుతుంది, నట్టు వదులవుతుంది. ఎక్కటం వేరు, సరిపోవటం వేరు. వర్నియర్ కాలిపర్స్, మర గేజి చేతిలో లేకుండా కంటితో చూసి ఇది తేల్చలేం.

మూడవ అతుకు: ముందు ఫోర్కులు

ఫోర్కుల దగ్గర అసలు భౌతికశాస్త్రం మొదలవుతుంది. కుర్చీల కింద ఉండే చిన్న చక్రాలను మీరు చూసే ఉంటారు. కుర్చీని ఎటు తోస్తే చక్రం అటు తిరిగి, తిరిగే ఇరుసుకు వెనుకగా సర్దుకుంటుంది. మోటారు సైకిలు ముందు చక్రం కూడా ఇదే సూత్రం మీద నిలకడగా నడుస్తుంది. హ్యాండిల్ తిరిగే అక్షాన్ని ఊహలో నేల వరకు పొడిగించండి. అది నేలను తాకే చోటు ముందుంటుంది. చక్రం నేలను తాకే చోటు దానికి కొంచెం వెనుకగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఈ దూరం మరీ తక్కువైతే హ్యాండిల్ వణుకుతుంది. మరీ ఎక్కువైతే మలుపు తిప్పటం బరువవుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. చక్రం వ్యాసార్ధం 340 మిల్లీమీటర్లు. హ్యాండిల్ అక్షం నిలువు గీత నుంచి 27 డిగ్రీలు వాలి ఉంది. చక్రపు ఇరుసు ఆ అక్షానికి 60 మిల్లీమీటర్లు ముందుకు ఉంది. వ్యాసార్ధాన్ని వాలు కోణపు సైన్ విలువతో గుణించి, అందులోంచి 60 తీసివేసి, ఆ కోణపు కొసైన్ విలువతో భాగిస్తే ట్రెయిల్ వస్తుంది. ఇక్కడ అది సుమారు 106 మిల్లీమీటర్లు.

మన బండికి మరొక కంపెనీ ఫోర్కులు బిగించాం. అవి కాస్త పొడవు. బండి ముందు భాగం 50 మిల్లీమీటర్లు పైకి లేచింది. రెండు చక్రాల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు అనుకుంటే, బండి మొత్తం రెండు డిగ్రీలు వెనుకకు వాలుతుంది. అక్షం వాలు 29 డిగ్రీలయింది. మళ్ళీ లెక్కిస్తే ట్రెయిల్ సుమారు 120 మిల్లీమీటర్లు. మనం మార్చింది ఫోర్కులను మాత్రమే. కాని హ్యాండిల్ బరువు మారింది, ఇంజను వంపు మారింది, బండి గురుత్వ కేంద్రం కొంచెం పైకీ వెనుకకూ జరిగింది. గురుత్వ కేంద్రం వెనుకకు జరిగితే గుట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రం సులభంగా గాలిలోకి లేస్తుంది. ఒక్క భాగం మారితే మిగిలినవన్నీ దానికి సమాధానం చెప్పుకోవలసి వస్తుందన్నమాట.

ఎగిరి దిగినప్పుడు

ఇంతకీ పొడవైన ఫోర్కులు ఎందుకు? అందుకూ కారణం ఉంది. బండి, నడిపే మనిషి కలిసి 220 కిలోలు అనుకుందాం. ఒక గుట్ట మీద నుంచి ఎగిరి, ఒక మీటరు ఎత్తు నుంచి నేలకు దిగుతోంది. రెండు చక్రాలూ ఒకేసారి నేలను తాకాయనుకుందాం. ఆ క్షణంలో వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు. ఈ వేగాన్ని సున్నా చేసే పని ఫోర్కులదీ వెనుక షాకబ్జార్బర్లదీ.

అవి 10 సెంటీమీటర్లు మాత్రమే కుంగగలిగితే, బండి మీద పడే సగటు బలం దాని బరువుకు 11 రెట్లు. 20 సెంటీమీటర్లు కుంగగలిగితే 6 రెట్లు మాత్రమే. శక్తి నిత్యత్వ సూత్రంతో మీరే సరి చూసుకోండి. పడిన ఎత్తుకు కుంగిన దూరాన్ని కలిపి, ఆ మొత్తాన్ని కుంగిన దూరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. క్రికెట్‌లో బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవటం కూడా ఇదే సూత్రం.

అయితే స్ప్రింగు ఒక్కటే చాలదు. స్ప్రింగు మింగిన శక్తిని తిరిగి కక్కుతుంది, బండిని బంతిలా పైకి విసురుతుంది. అందుకే ఫోర్కులో నూనె ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా నూనె ప్రవహించేటప్పుడు ఆ శక్తి ఉష్ణంగా మారుతుంది. దీనిని అవమందనం అంటాం. నార్టన్ ఫోర్కులకు ఆ రోజుల్లో మంచి పేరు రావటానికి ఈ నూనె అవమందనం ఒక కారణం.

ఎంత బలం కావాలి, ఎంత బరువు ఉండాలి

ఇంజను బలాన్ని చక్రానికి చేర్చేటప్పుడు పళ్ళచక్రాలను మార్చే వీలుంటుంది. వెనుక చక్రానికి 48 పళ్ళు, గేర్‌బాక్సు చక్రానికి 18 పళ్ళు ఉంటే నిష్పత్తి 2.67. ముందుది తీసి 16 పళ్ళది వేస్తే నిష్పత్తి 3. వెనుక చక్రానికి అందే టార్క్ 12.5 శాతం పెరుగుతుంది. అదే ఇంజను వేగం దగ్గర బండి వేగం 11 శాతం తగ్గుతుంది. బురదలో గుట్ట ఎక్కేవాడికి మొదటిది కావాలి. రోడ్డు మీద పోయేవాడికి రెండవది నష్టం. ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు.

బరువు సంగతి చూద్దాం. న్యూటన్ రెండవ నియమం ప్రకారం బలం మారకపోతే, ద్రవ్యరాశి తగ్గినకొద్దీ త్వరణం పెరుగుతుంది. 220 కిలోలను 205 చేయగలిగితే త్వరణం 7 శాతం పెరుగుతుంది. ఇంజనును ముట్టుకోకుండానే వచ్చే లాభం ఇది.

మరి చట్రాన్ని సన్నం చేస్తే వంగిపోదా? వెదురు బొంగును గుర్తు చేసుకోండి. లోపల బోలు, అయినా ఎంత గట్టిదో! బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు గొట్టం తీసుకోండి. అంతే పొడవు, అంతే బరువు ఉన్న ఉక్కు కడ్డీ వ్యాసం 15.5 మిల్లీమీటర్లు ఉంటుంది. వంపును ఎదిరించటంలో ఆ గొట్టం ఈ కడ్డీ కంటే ఏడున్నర రెట్లు మేలు. పదార్థం అక్షానికి దూరంగా ఉన్నకొద్దీ వంపును ఎక్కువగా ఎదిరిస్తుంది. చట్రాలు గొట్టాలతో ఎందుకు కడతారో ఇప్పుడు అర్థమైంది కదా!

కూర్పు నుంచి రూపకల్పనకు

ఇక రిక్‌మన్ సోదరుల దగ్గరకు తిరిగి వద్దాం. అప్పు తెచ్చిన చట్రంతో ఎంతో దూరం పోలేమని వారు గ్రహించారు. ఎవరో మరొక ఇంజను కోసం గీసిన చట్రం అది. అందుకే 1960ల మొదటి భాగంలో మూడవ రకం మెటీస్‌కు చట్రాన్ని వారే రూపొందించారు. రేనాల్డ్స్ 531 అనే మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలు వాడారు. గొట్టాలను కంచు తీగతో అతికారు. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ అతుకుకు 900 డిగ్రీల ప్రాంతం చాలు. ఎక్కువ వేడి తగలకపోతే గొట్టం తన బలాన్ని అంతగా కోల్పోదు. చట్రానికి నికెల్ పూత పూశారు. ఇంజను నూనెను చట్రపు గొట్టాలలోనే నింపారు. విడిగా నూనె ట్యాంకు అక్కర లేకపోయింది, గాలి తగిలి నూనె చల్లబడే వీలూ కలిగింది. ఒకే గొట్టం మూడు పనులు చేసింది.

ఈ చట్రాలను వారు కిట్లుగా అమ్మారు. కొన్నవారు తమ దగ్గరున్న ఇంజనును అందులో బిగించుకునేవారు. అమెరికా సినిమా నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ ఎడారి పందేల కోసం ఇటువంటి బండినే కూర్పించుకున్నారు. మెటీస్ చట్రం, ట్రయంఫ్ 650 సి.సి. ఇంజను, ఇటలీకి చెందిన చెరియాని ఫోర్కులు. 1966లో పాపులర్ సైన్స్ పత్రికలో ఆయన దాని గురించి రాశారు కూడా.

ఈ కథకు మన దేశంతోనూ ఒక సంబంధం ఉంది. బ్రిటన్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1970లో మూతపడినప్పుడు ఇంటర్‌సెప్టర్ బండి కోసం తయారైన ఇంజనులు కొన్ని మిగిలిపోయాయి. రిక్‌మన్ సోదరులు వాటిని తమ చట్రాలలో బిగించి వందకు పైగా బండ్లు తయారు చేశారు. మాతృసంస్థ మూతపడినా, 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా మాత్రం బుల్లెట్ బండ్లను తయారు చేస్తూనే వచ్చింది. అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరుతో 2015లో బ్రిటన్‌లోని హారిస్ పెర్ఫార్మెన్స్ అనే చట్రాల నిపుణుల సంస్థను కొన్నది. వారి సహకారంతో రూపొందిన చట్రంతో 2018లో ఇంటర్‌సెప్టర్ 650 మార్కెట్లోకి వచ్చింది. చెన్నై కంపెనీ కూడా చట్రం కోసం నిపుణులను వెతుక్కున్నదంటే, ఇంజను ఎంత ముఖ్యమో చట్రం అంతే ముఖ్యమన్నమాట.

మీరు ఏం చేయవచ్చు

ఇదంతా విన్నాక మీలో కొందరికి ఇంట్లో ఉన్న పాత బండిని విప్పాలనిపించవచ్చు. ఆ ఉత్సాహం మంచిదే. అయితే రెండు మాటలు చెప్పాలి.

మొదటిది చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన దానికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నా, మూడు కంపెనీల కూర్పు బండి వాటి కిందికి రాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కాబట్టి ఇటువంటి బండిని రోడ్డు మీదకు తేకూడదు.

రెండవది ప్రాణం. పుస్తకంలో లెక్క తప్పితే మార్కులు పోతాయి. ఫోర్కు దగ్గర అతుకు తప్పితే మనిషే పోతాడు. వీధిలో ఎవరో వేసిన వెల్డింగు పైకి నున్నగా కనిపించినా లోపల బోలుగా ఉండవచ్చు. ఉన్నదానితో సర్దుకొని పని కానిచ్చే తెలివి మన దేశంలో చాలా ఉంది. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. రిక్‌మన్ సోదరుల మొదటి బండి కూడా అటువంటిదే. కాని వారు అక్కడే ఆగలేదు. కొలిచారు, పందేలలో పరీక్షించారు, తప్పుబట్టిన చోట మళ్ళీ గీశారు. సర్దుబాటు ఇంజనీరింగ్‌గా మారేది అక్కడే.

పాఠశాల విద్యార్థులు సైకిలుతో మొదలుపెట్టండి. ముందు చక్రం ఇరుసు నుంచి ఒక దారానికి రాయి కట్టి వేలాడదీయండి. హ్యాండిల్ గొట్టం వెంట ఒక పొడవాటి కర్రను నేల వరకు ఆనించండి. కర్ర నేలను తాకే చోటికీ, దారం సూచించే చోటికీ మధ్య దూరమే మీ సైకిలు ట్రెయిల్. మీ స్నేహితుల సైకిళ్ళతో పోల్చి చూడండి. ముందు, వెనుక పళ్ళచక్రాల పళ్ళు లెక్కపెట్టి నిష్పత్తి కట్టండి.

ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకు మరొక దారి ఉంది. బాహా ఎస్.ఎ.ఇ. ఇండియా పేరుతో 2007లో మొదలైన పోటీలో విద్యార్థుల జట్లు కొండదారుల్లో నడిచే నాలుగు చక్రాల బండిని తామే రూపొందించి, తయారు చేసి, పరీక్షలకు నిలబెడతాయి. అక్కడ మొదట కాగితం మీది లెక్కను చూస్తారు, ఆ తరువాతే బండిని పరుగు తీయనిస్తారు. మన పని కూడా ఆ వరుసలోనే సాగాలి.

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. నాలుగు మంచి భాగాలు కలిస్తే మంచి బండి కావచ్చు, కాకపోనూవచ్చు. భాగానికీ భాగానికీ మధ్య ఉన్న కోణం, దూరం, మర, అతుకు, ఇవి సరిపోయినప్పుడే అది బండి అవుతుంది. ఇకమీదట ఏ యంత్రాన్ని చూసినా దాని భాగాల పేర్లతో ఆగిపోకండి. అవి ఒకదానితో ఒకటి ఎక్కడ, ఎలా కలుస్తున్నాయో చూడండి. అక్కడ ఒక ప్రశ్న వేయండి, ఒక కొలత తీయండి.

ఇక సెలవు.